ఒరలు కుట్టే చేతులు

కాపెల్, టెక్సాస్
9 ఫిబ్రవరి 2025

త్రివేణీ,

నీకు ఎప్పుడు ఫోన్ చేసినా అది కార్ స్పీకర్‌లోనే మోగుతుంది. పక్కన ఎవరో ఒకరు ఉంటారు. "తర్వాత చేస్తానన్నయ్యా" అంటావు. ఆ తర్వాత అనేది రాదు. అందుకే ఇలా కాగితం మీద పడ్డాను. నా దస్తూరీ చూసి నవ్వకు, తెలుగు రాసి ముప్ఫై ఏళ్లు దాటింది.

అదితి పెళ్లి మే 24న అని తెలిసిన దగ్గర్నుంచీ నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. దానికి మేనమామని నేనొక్కణ్ణే. బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావాల్సింది నేనే. బుట్టకి రెండోవైపు పట్టుకోవడానికి ఎవరైనా కండగలవాణ్ణి చూసిపెట్టు, ఇటువైపు సంగతి నాకొదిలెయ్. రోజూ గరాజ్‌లో తోలు చుట్టలు ఒక బుట్టలో వేసి ఎత్తి దింపుతున్నాను. అరవై రెండేళ్ల ముసలాడు కసరత్తు చేస్తుంటే మా వీధివాళ్లకి వినోదంగా ఉంది. అదితి బరువెంతో కనుక్కుని చెప్పు. కోప్పడితే వద్దులే. వెదురు బుట్ట చెవులు నమ్మడానికి లేదంటే గట్టి తోలు పట్టీలు కుట్టి పంపిస్తాను.

నా పని గురించి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబోతే మాట మార్చేస్తావు. ఇప్పుడు కాగితం కదా, ఎలా మారుస్తావో చూస్తాను! లేఆఫ్ అయ్యాక ఏమీ తోచక పక్కవీధిలో వాల్టర్ అనే పెద్దాయన షెడ్‌కి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఆయన చేసేదల్లా హోల్‌స్టర్లు. పాత కౌబాయ్ సినిమాల్లో, నలుపు తెలుపు టీవీ సీరియళ్లలో హీరో నడుముకి తుపాకి ఒర వేలాడుతుందే, అచ్చం అలాంటిదే కుట్టివ్వడం. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. సీన్ దగ్గర వీడియో ఆపి కుట్లు లెక్కపెడతాను. అంగుళానికి ఏడు కుట్లుంటే ఏడే పడాలి. బెల్టు మీద తూటాల గళ్లు ఎన్ని, బకిల్ ఏవైపు అరిగింది, తొడకి బిగించే తోలుతాడు ఎక్కడ ముడి పడింది, అన్నీ చూసుకోవాలి. తెర మీద వాళ్లు రెప్పపాటులో తుపాకి లాగేస్తారు కదా, దాని రహస్యం తెలుసా? ఒరలో రెండు తోలు పొరల మధ్య పల్చటి రేకు ఉంటుంది. అందుకే లోపల పట్టేయదు. ఒంగోల్లో మార్నింగ్ షో చూసొచ్చి నువ్వూ నేనూ కొబ్బరి మట్టలతో కాల్చుకుని చచ్చేవాళ్లం, అప్పుడీ సంగతి తెలియలేదు.

మొన్న ఓక్లహోమా నుంచి ఎనభై దాటిన ఒకాయన డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. చిన్నప్పుడు శనివారం పొద్దున్నే టీవీలో చూసిన షెరీఫ్ ఒర కావాలన్నాడు, చేసిపెట్టాను. అది నడుముకి కట్టుకుని అద్దం ముందు నిలబడి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాననుకో.

ఇంకో మాట. రెండు సూదులూ ఒకే దారమూ పెట్టి కుట్టడం వాల్టర్ నేర్పబోతుంటే నా చేతులకి అది ముందే వచ్చేసింది. తాత చెప్పులు కుడుతుంటే పక్కన కూర్చుని చూసిందే కదా! తోలుకి చిల్లు పొడిచే తాత ఆరె ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. నాన్న దాన్ని అటక మీద దాచాడు, ఆయన పోయినప్పుడు తెచ్చుకున్నాను. మా వీధిలో ప్రణీత అనే అమ్మాయి ఇవన్నీ వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. చక్రపాణి బావగారికి లింక్ పంపాను. నువ్వు కూడా చూడు.

బుట్ట మోసే మామయ్య,
ప్రసాద్


డబ్లిన్, కాలిఫోర్నియా
20 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

ఉత్తరం చేరింది. పోస్ట్‌బాక్స్‌లో బిల్లులు, కూపన్ల మధ్య నీ చేతిరాత కనిపించేసరికి ఏమైందోనని గుండె ఆగినంత పనైంది. ఆఫీస్ పార్కింగ్‌లో కూర్చుని చదివాను, అక్కడే కూర్చుని జవాబు రాస్తున్నాను.

వీడియో మేం చూడటమేమిటి, డబ్లిన్ అంతా చూసింది. మా లేడీస్ గ్రూప్‌లో మనీషా పెట్టింది. "త్రివేణి గారూ, ఈయన మీ బ్రదరేనా? సో ఇన్‌స్పైరింగ్!" అని, కింద రెండు చేతుల నమస్కారం. దాని కింద ఇంకో పదిహేను నమస్కారాలు. మొన్నటిదాకా "హాయ్" అన్నవాళ్లు ఇవాళ నమస్కారాలు పెడుతున్నారు.

నీకు చెప్పడం ఎలాగో తెలియడం లేదు. రామమోహన్ గారు, అదే పెళ్లికొడుకు సృజన్ వాళ్ల నాన్నగారు, చాలా పద్ధతిగల మనిషి. రెడ్‌మండ్‌లో అందరూ పెద్దమనిషిగా చూస్తారు. స్కూళ్లలో కాల్పులు జరుగుతున్న ఈ రోజుల్లో పెళ్లికూతురి మేనమామ తుపాకులకి ఒరలు కుడతాడంటే ఏమనుకుంటారు చెప్పు? నువ్వు కన్సల్టింగ్ చేస్తున్నావని వాళ్లకి చెప్పాం. ఒక రకంగా అది అబద్ధం కూడా కాదు. పెళ్లయ్యేదాకా ఆ వీడియో తీయించెయ్. మూడు నెలలే కదా! ఆ తర్వాత నీ ఇష్టం, రోజుకొకటి పెట్టుకో.

తోలు పట్టీల మాట ఇంకెప్పుడూ ఎత్తకు. మండపంలోకి తోలు తెస్తానంటున్నావు, బుద్ధుందా నీకు? పంతులుగారు వింటే లేచిపోతారు.

అదితి బరువు చెప్పనంది. "మామయ్యకి వర్కౌట్ బాగా చెయ్యమను, నేను వెడ్డింగ్ కేక్ టేస్టింగ్‌కి వెళ్తున్నా" అంది.

ఇక్కడ వాన. సెక్యూరిటీ అతను కారు దగ్గరికి వచ్చి చూసి పోతున్నాడు, ఉంటాను.

త్రివేణి


కాపెల్
2 మార్చి 2025

పిచ్చిదానా,

ఇంతేనా! నీ ఉత్తరం మొదలుపెట్టగానే ఇంకేదో అనుకుని కంగారుపడ్డాను. తుపాకులంటే భయమని ముందే చెప్పొచ్చుగా. నా దగ్గర ఒక్క తుపాకి కూడా లేదు. ఎప్పుడూ లేదు. టెక్సాస్‌లో ముప్ఫై ఏళ్లుండి తుపాకి లేనివాణ్ణి నేనొక్కణ్ణేనేమో. తోలుని నీళ్లలో తడిపి, చెక్క పిస్తోలు మీద బిగించి, ఆరబెడితే ఆ ఆకారం వస్తుంది. నా దగ్గరున్నవన్నీ ఆ చెక్కబొమ్మలే. కొనేవాళ్లు కూడా ఒరని గోడకి తగిలించుకుని చూసుకునే ముసలాళ్లు. ఒరలో ఏమీ ఉండదు త్రివేణీ, ఖాళీ.

అయినా నీ మాట కాదనలేదు. ప్రణీతతో కూర్చుని వీడియో మళ్లీ కట్ చేయించాను. పిస్తోళ్లు కనిపించే ముక్కలన్నీ తీసేశాం. మరీ చిన్నదైపోయిందని కొత్తగా కొంత మాట్లాడాను. తాత గురించి, ఊరి చివర మన ఇల్లు, పెరట్లో తోలు నానబెట్టే లంద, తంగేడు చెక్క వాసన, నాన్న చదువుకుని బడిపంతులు కావడం, అన్నీ చెప్పాను. ఇప్పుడు అందులో తుపాకి అనే మాటే లేదు, అంతా తాతే. ప్రణీతకి నచ్చింది. నీకూ నచ్చుతుంది.

రామమోహన్ గారి నంబర్ పంపు. నేనే ఫోన్ చేసి పరిచయం చేసుకుంటాను. ఇది చూపిస్తే ఆయనకి ఏ అనుమానమూ ఉండదు. పెళ్లిలో మొదటిసారి మొహాలు చూసుకోవడం ఏం మర్యాద?

ఎత్తడంలో బాగా ముందుకొచ్చాను. నిన్న నూట పది పౌన్లు. ఎడమ మోకాలు కొంచెం గొణిగింది, పట్టించుకోలేదు.

అన్నయ్య


డబ్లిన్
13 మార్చి 2025

అన్నయ్యా,

ఆ నంబర్ ఇవ్వను. ఆ వీడియో ఇవాళే తీయించు, ఇవాళే. నీకు నిజంగా అర్థం కాలేదా, అర్థం కానట్టు నటిస్తున్నావా? తుపాకులు కాదు. తుపాకులు ఎప్పుడూ కాదు.

నీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోను? చక్రపాణి నన్ను చేసుకున్నందుకు వాళ్లమ్మగారు పదకొండేళ్లు నా చేతి మంచినీళ్లు ముట్టలేదు. ఇక్కడికి వచ్చి మూడు నెలలున్నప్పుడు కూడా తన గ్లాసు తనే కడుక్కుని బెడ్రూమ్‌లో పెట్టుకునేది. నాలుగేళ్ల అదితి "నానమ్మ గ్లాస్ ఎందుకు దాచుకుంటుంది?" అని అడిగితే, జెర్మ్స్ అని చెప్పాను. ఆవిడ పోయిందని ఏడవాల్సిన రోజున నాకు ఊపిరి ఆడింది. పాపమే, ఏం చెయ్యను? ఆ తర్వాతే నేను ఎవరూ ఏమీ అడగని మనిషిగా బతకడం మొదలుపెట్టాను. అదితికి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా.

నిశ్చితార్థం రోజు సృజన్ వాళ్లమ్మగారు నన్ను పక్కకి పిలిచి ఏ ఊరని అడిగింది. ఒంగోలు అన్నాను. "ఒంగోల్లో మీది ఏ బజారు?" అంది. నవ్వుతూనే అడిగింది. అలా అడిగేవాళ్లందరూ నవ్వుతూనే అడుగుతారు. ఫోన్ మోగినట్టు నటించి బయటికి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచీ నాకు తిండి సహించడం లేదు. నా పిల్లని కూడా ఎవరైనా అలా గ్లాసు దాచుకుని చూస్తే నేను బతకలేనన్నయ్యా.

ఈ మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నువ్వు పెళ్లికి రావద్దు. వస్తే మాట్లాడతావు, నువ్వు మాట్లాడకుండా ఉండలేవు. నీ గోళ్ల చుట్టూ ఆ నల్లరంగు చూసి ఏం పని అని అడుగుతారు. అడిగితే తాత దగ్గర్నుంచి మొదలుపెడతావు. నీకు నడుం పట్టేసిందని చెప్తాను. చక్రపాణి స్నేహితులు ఇద్దరున్నారు, బుట్ట వాళ్లు పట్టుకుంటారు.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ రాకు.

త్రివేణి


కాపెల్
24 మార్చి 2025

త్రివేణీ,

వీడియో తీసేశాం. ఎందుకని ప్రణీత అడిగింది. ఇంట్లో పెళ్లి అన్నాను. పెళ్లికీ దీనికీ సంబంధమేమిటంది. ఇక్కడే పుట్టిన పిల్ల, దానికెలా తెలుస్తుంది?

నాలుగు రోజులు కూర్చుని కూడా నువ్వు రాయలేకపోయిన మాట నేను రాస్తాను. మనం మాదిగలం. రాశాను చూడు, కాగితం చిరగలేదు.

కోపం లేదని అబద్ధం ఆడను. మూడు రోజులు చాలా కోపం వచ్చింది. చేస్తున్న బెల్టు పాడైపోయింది, కత్తి పక్కకి జారింది. తర్వాత నాన్న గుర్తొచ్చాడు. సెలవుల్లో తాత దగ్గర ఉండి వస్తే, గుమ్మంలోనే నిలబెట్టి మన చేతులు వాసన చూసేవాడు గుర్తుందా? తోలు వాసన వస్తే మట్టి పెట్టి తోమించేవాడు. మన మీద అసహ్యంతో కాదు, స్కూల్లో మనల్ని ఎవరైనా ఏమన్నా అంటారన్న భయంతో. నీ ఉత్తరంలో ఉన్నదీ ఆ భయమే. పదకొండేళ్ల గ్లాసు సంగతి నాకు ఎందుకు చెప్పలేదు? అన్నయ్యని కదా నేను! అది చదివాక ఇంక నిన్ను ఏమనగలను?

రాను. నడుం పట్టేసిందనే చెప్పు. అదితికి ఒక్క మాట మాత్రం నా తరఫున చెప్పు, మామయ్య రావాలనుకున్నాడని. అది అబద్ధం కాదు కాబట్టి నీకు కష్టం ఉండదు.

నీ అన్న


డబ్లిన్
30 మే 2025

అన్నయ్యా,

పెళ్లి అయిపోయింది. నీకు ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు తీశానో, నీ గొంతు వినే ధైర్యం చాలలేదు. రెండు నెలలుగా నీ నుంచి ఉత్తరం లేదు. నేనూ రాయలేదు. రాయడానికి నాకు మొహం ఎక్కడుంది?

లివర్‌మోర్‌లో ద్రాక్షతోట పక్కన మండపం వేశాం. ఎండ బాగా కాసింది. బుట్ట వచ్చేటప్పుడు పంతులుగారు మైక్‌లో "మేనమామ గారు, మేనమామ గారు" అని రెండుసార్లు పిలిచారు. చక్రపాణి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆ తర్వాత స్నేహితులిద్దరూ ఎత్తారు. సృజన్ వాళ్లమ్మగారు "అయ్యో, మీ అన్నయ్యగారు రాలేదా?" అంది. నడుం అన్నాను. నేను అంత బాగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

భోజనాలయ్యాక రామమోహన్ గారు నా పక్కన కుర్చీలో వచ్చి కూర్చున్నారు. "అమ్మా, మీ అన్నగారిని చూద్దామని చాలా ఆశపడ్డాను" అన్నారు. "ఫిబ్రవరిలోనే సృజన్ ఆ వీడియో చూపించాడు. మీ తాతగారు చెప్పులు కుట్టిన ఆరె చూపిస్తారే, అదంతా నాలుగైదుసార్లు చూసుంటాను. చిన్నప్పుడు ఆ సినిమాలంటే నాకూ పిచ్చి. మార్చిలో మళ్లీ చూద్దామంటే కనపడలేదు. మీరేమీ చెప్పలేదు కదా, మీకిష్టం లేదేమోనని మేమూ అడగలేదు." అన్నారు. సృజన్ వాళ్లమ్మగారి మేనత్త ఇల్లు ఒంగోల్లోనేనట, ఎవరైనా తెలిసినవాళ్లుంటారేమోనని బజారు అడిగిందట. అదీ ఆయనే చెప్పారు. నిజమేనేమో. నిజం కాకపోయినా, వాళ్లు అంతా తెలిసే నా పిల్లని చేసుకున్నారు. నేను ఎవరి దగ్గర దాచాను? ఎవరి కోసం నిన్ను ఆపాను?

అదితికి తెలిసిపోయింది, వీడియో సంగతీ తాత సంగతీ సృజన్ చెప్పాడు. "అమ్మా, మామయ్యని నువ్వే రావద్దన్నావా? యూ డిడ్ దట్?" అని అడిగింది. అవునన్నాను. మూడు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. తాత గురించి నీ దగ్గర వింటుందట, నా దగ్గర కాదట.

జూన్ 21న రెడ్‌మండ్‌లో వాళ్ల రిసెప్షన్. రామమోహన్ గారు నిన్ను స్వయంగా పిలుస్తామన్నారు. నేను చెప్పాలి, నేనే పిలవాలి అన్నాను. అన్నయ్యా, రా. నీ చేతులు ఎలా ఉన్నాయో అలాగే రా. ఎవరేమడిగినా తాత దగ్గర్నుంచే మొదలుపెట్టు, నేను పక్కనే కూర్చుంటాను. నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాననుకో. నన్ను క్షమించు.

నీ చెల్లెలు


కాపెల్
9 జూన్ 2025

త్రివేణీ,

క్షమించడం లాంటి పెద్దమాటలు మన మధ్య వద్దు. నీ ఉత్తరం చదివి సంతోషించాను. అబద్ధం కాదు. అదితిని తెలిసే చేసుకున్నారన్న దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. దానికి మంచి ఇల్లు దొరికింది. నువ్వింక కడుపునిండా తిను.

రామమోహన్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయనకి ఏ ఒర ఇష్టమో అడిగి రాయి, కుట్టి పంపిస్తాను. అదితిని ఎప్పుడు కావాలంటే అప్పుడు కాపెల్ రమ్మను. రెండు రోజులుండేలా రమ్మను, తాత గురించి ఒక పూటలో అయ్యేది కాదు. నీ మీద కోపం వద్దని నేను చెప్తాను, నా మాట వింటుంది.

రెడ్‌మండ్‌కి మాత్రం రాలేను. పంతం అనుకోకు. రిసెప్షన్‌కి ఎవరైనా వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. మేనకోడల్ని బుట్టలో ఎత్తుకోవడం ఒక్కసారే వస్తుంది. అది అయిపోయింది. అందరూ నన్ను మర్యాదగా కూర్చోబెట్టి నా పని గురించి అడుగుతుంటే, నాకు ఆ బుట్టే గుర్తొస్తుంటుంది. నవ్వలేను. నవ్వకపోతే నువ్వు ఏడుస్తావు. కొన్నాళ్లు పోనీ.

నీకొకటి చెప్పకూడదనుకున్నాను. కానీ ఇన్నేళ్లు నువ్వు దాచుకున్నది చదివాక, మనింట్లో ఇంక దాపరికాలు చాలనిపించింది.

ఆ రోజు నేను లివర్‌మోర్‌లోనే ఉన్నాను. ముందురోజు ఓక్లాండ్‌కి వచ్చి కార్ రెంట్ తీసుకున్నాను. లోపలికి వచ్చే ఉద్దేశం లేదు, నీకిచ్చిన మాట మాటే. చివరి నిమిషంలో నువ్వు "అన్నయ్యా, ఎక్కడున్నావ్?" అని ఫోన్ చేస్తావేమో, చేస్తే పది నిమిషాల్లో అక్కడ ఉండాలి కదా అనుకున్నాను. అంతే. నెలరోజుల ముందు నుంచీ రంగు ముట్టలేదు. నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రోజూ గోళ్లు తోమాను. పట్టు పంచె కట్టుకుని, పార్కింగ్ చివర చెట్టు కింద కారు పెట్టుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పంతులుగారు మైక్‌లో మేనమామ గారు అని పిలవడం నాకూ వినపడింది. కారు దిగాను. ఎందుకు దిగానో తెలియదు, పిలిస్తే లేచినట్టే దిగాను. కంచె అవతల అంతా కనిపిస్తోంది. ఇద్దరు బుట్ట ఎత్తారు. ఒకతను కొంచెం ముందు ఎత్తాడు, బుట్ట ఒక పక్కకి ఒరిగింది, అదితి నవ్వుతూ అంచు పట్టుకుంది. అక్కడ ఎండలో నిలబడి ఉంటే, నా రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి. బుట్ట మండపం మెట్లెక్కి కిందికి దిగేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను. చేతులు నొప్పి పెట్టాయి.

కార్లు చూసుకునే అమ్మాయి దగ్గరికి వచ్చింది. నా పంచె చూసి, "పెళ్లివాళ్ల తాలూకా? లోపలికి దారి చూపించనా?" అని అడిగింది.

కాదన్నాను.

ప్రసాద్